వాయిద్యం లోపలి ఫొటో: తీసినదా, అతికించినదా?

సూర్యబింబం
అందరికీ నమస్కారం. ఈ ఏడాది మన ప్రదర్శనకు వచ్చిన వాటిలో చెల్లో (వయొలిన్ కుటుంబంలోని పెద్ద వాయిద్యం) లోపలి నుంచి తీసిన చిత్రం ఒకటి ఉంది. జర్మనీలో ఉండే మన సభ్యుడు పంపాడు. న్యూజిలాండ్ ఫొటోగ్రాఫర్ చార్లెస్ బ్రూక్స్ ‘ఆర్కిటెక్చర్ ఇన్ మ్యూజిక్’ పేరుతో చెల్లోలు, పియానోలు, ఫ్లూట్ల లోపలి భాగాలను పెద్ద పెద్ద హాళ్లలా చూపించాడు కదా, అదే పద్ధతి. చిత్రం బాగుంది, కాదనను. కానీ ఇలాంటిది ఒక్క క్లిక్కుతో రాదు. ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ వరసగా ఫ్రేములు తీసి, ఒక్కో దాంట్లో పదునుగా వచ్చిన భాగాన్ని ఏరి సాఫ్ట్‌వేర్‌లో కలుపుతారు. దీన్నే స్టాకింగ్ అంటారు. బ్రూక్స్ అయితే ఒక్కో చిత్రానికి వందల ఫ్రేములు వాడాడు. ఆ సంగతి ఆయన దాచలేదు కూడా. మరి దీన్ని ‘ఫొటో’ విభాగంలో ఎందుకు పెట్టాలి? మనకు ‘డిజిటల్ ఆర్ట్’ విభాగం వేరే ఉంది. అక్కడికి మార్చాలని నా ప్రతిపాదన.

నెల్లూరు_నీలం
ఫాలోయింగ్.

కడప_మాక్రో
సూర్యబింబం గారూ, పోయిన ఏడాది ఈగ కన్ను చిత్రం వచ్చినప్పుడు ‘అద్భుతం’ అని మొదట రాసింది మీరే. అది కూడా స్టాకే. తీసింది నేనే, స్టాక్ అని కింద రాశాను కూడా. ఈగకు ఒప్పుకున్నది చెల్లోకు ఎందుకు ఒప్పుకోరు?

అసలు ఈ పని ఎంత కష్టమో తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇలాంటి వాటికి ఎక్కువగా వాడేది లావోవా 24 ఎంఎం ప్రోబ్ లెన్స్. సన్నని గొట్టంలా ఉంటుంది, పొడవు దాదాపు 40 సెంటీమీటర్లు, కొస వెడల్పు 2 సెంటీమీటర్లు. కొస చుట్టూ చిన్న ఎల్ఈడీ లైట్లు ఉంటాయి. లెన్స్ రంధ్రాన్ని ఎంత తెరిచినా ఎఫ్ 14 దాటదు (ఎఫ్ సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), అంటే లోపలికి వచ్చే వెలుతురే తక్కువ. అంత దగ్గరి నుంచి తీస్తే ముందున్న చెక్క పదునుగా వస్తే వెనకది అలుక్కుపోతుంది. ఇంకా మూసి ఎఫ్ 40కి తీసుకెళితే డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రం దాటేటప్పుడు వెలుతురు చెదరడం వల్ల, బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. చెల్లో డొల్ల పొడవు సుమారు 75 సెంటీమీటర్లు. ఈ చివర నుంచి ఆ చివర దాకా పదునుగా రావాలంటే స్టాక్ చేయడం తప్ప దారి లేదు. అందులో లేని వస్తువును ఎవరూ పెట్టలేదు. అక్కడున్న చెక్కే, అక్కడున్న వెలుతురే.

డల్లాస్_మూర్తి
ఆ లెన్స్ ఖరీదెంత అన్నా?

కడప_మాక్రో
అమెరికాలో సుమారు 1500 డాలర్లు. అద్దెకు దొరికితే మంచిది మూర్తీ.

సూర్యబింబం
ఈగ చిత్రానికి, దీనికి పోలిక కుదరదు. ఈగ కన్ను చూసి అది ఏనుగంత ఉందని ఎవరూ అనుకోరు. చెల్లో లోపల చూస్తే మనుషులు నడిచే హాలు అనిపిస్తుంది. ఎందుకు అనిపిస్తుంది? దగ్గరగా ఉన్న చిన్న వస్తువును చూసేటప్పుడు దాని వెనకున్నది అలికినట్టు కనిపించడం మన కంటికి అలవాటు. ముందు, వెనక అన్నీ పదునుగా ఉంటే అది దూరంగా ఉన్న పెద్ద కట్టడమని మెదడు లెక్కగడుతుంది. ఊరి ఫొటోను పైనా కిందా మసక చేస్తే బొమ్మల ఊరిలా కనిపిస్తుంది, ఆ కిటుకును తిప్పి వాడితే ఇది. అంటే ఈ చిత్రంలో జనం మెచ్చుకునే విషయమే సాఫ్ట్‌వేర్ పుట్టించినది. లెన్స్ చూడనిదాన్ని ఫొటో అనలేను.

కడప_మాక్రో
పిన్‌హోల్ కెమెరాలో లెన్సే లేదు, సూదిబెజ్జం ఒక్కటే. దగ్గరిదీ దూరానిదీ అన్నీ ఒకే తీరుగా వస్తాయి. అది కూడా ఫొటో కాదా? హాలులా కనిపించడానికి స్టాక్ ఒక్కటే కారణం కాదు సార్. వైడ్ లెన్స్ చెక్కకు అంత దగ్గరగా వెళ్లడం వల్ల గోడలు దూరంగా జరిగినట్టు ఉంటాయి. చెల్లో పై పలక మీది ఎఫ్ ఆకారపు రంధ్రాల్లోంచి వచ్చే వెలుతురు కిటికీ వెలుతురులా పడుతుంది. 2009లో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ ఛాంబర్ కచేరీల ప్రచారానికి మియర్స్వా, క్లుస్కా అనే ఫొటోగ్రాఫర్ల జంట వాయిద్యాల లోపలి చిత్రాలు తీసింది. అవి కూడా గదుల్లాగే ఉంటాయి. ప్రపంచమంతా వాటిని ఫొటోలు అనే అంది.

సూర్యబింబం
అవి పోస్టర్లు. ప్రకటనకు ఒక నియమం, పోటీకి ఒక నియమం. మీరు విషయం దాటవేస్తున్నారు.

నెల్లూరు_నీలం
నాకు చిత్రం నచ్చింది. ఏ విభాగమైనా ఫరవాలేదు.

విజయనగరం_వయొలిన్
నేను ఫొటోగ్రాఫర్‌ని కాదు, పాతికేళ్లుగా వయొలిన్ వాయిస్తున్నాను, పిల్లలకు నేర్పుతాను. ఇక్కడ అందరూ లెన్స్ గురించే మాట్లాడుతున్నారు. ఆ చెల్లో ఏమైందని ఎవరైనా అడిగారా?

చెల్లో లోపలికి 2 సెంటీమీటర్ల గొట్టం పెట్టాలంటే కింద నేలకు ఆనే ఇనుప కడ్డీని దాని బిరడాతో సహా తీయాలి. తీగలను పట్టి ఉంచే టెయిల్‌పీస్ ఆ బిరడాకే కట్టి ఉంటుంది. కాబట్టి ముందు తీగలన్నీ వదులు చేయాలి. తీగలు వదులైతే వాటిని ఎత్తి పట్టే బ్రిడ్జ్ నిలబడదు. లోపల సౌండ్ పోస్ట్ అని చిన్న కర్ర ఉంటుంది, దాన్ని జిగురుతో అతికించరు. పై పలకకూ కింది పలకకూ మధ్య బిగువుతోనే నిలుస్తుంది. తీగల ఒత్తిడి పోతే అది పడిపోవచ్చు. మళ్లీ నిలబెట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు, మిల్లీమీటరు అటూ ఇటూ అయినా నాదం మారిపోతుంది. వయొలిన్‌కైతే ఈ ప్రోబ్ అసలు పట్టదు. ఎఫ్ రంధ్రంలోంచి ఎండోస్కోప్, అంటే కొసన చిన్న కెమెరా ఉన్న సన్నని గొట్టం, పెట్టాల్సిందే.

అలాగని నేను వ్యతిరేకిని కాను. నాలుగేళ్ల కిందట ఒక దుకాణంలో పాత వయొలిన్ కొన్నాను. పేరు చెప్పను. ‘పగుళ్లు లేవు, పూచీ నాది’ అన్నాడు. వాన పడ్డ రోజుల్లో మంద్రం మీద ఒక గరగర వచ్చేది. నా వాయింపులోనే లోపం ఉందేమోనని నెలల తరబడి టెన్షన్ పడ్డాను. చివరికి మా శిష్యుడొకడు ఎండోస్కోప్ పెట్టి ఫోకస్ జరుపుతూ ఫొటోలు తీసి, ఈ స్టాకింగే చేశాడు. పై పలక లోపలి వైపు, సౌండ్ పోస్ట్ పక్కనుంచి పొడవాటి పగులు, దాని మీద వరసగా అతికించిన చిన్న చెక్క బిళ్లలు. బయట వార్నిష్ కింద ఏమీ తెలియదు. ఆ ఫొటో లేకపోతే నాకు నిజం తెలిసేదే కాదు. దాన్ని అతికించిన బొమ్మ అంటే నేను ఒప్పుకోను.

సూర్యబింబం
మేడమ్, మీకు జరిగింది అన్యాయమే. కానీ మీ ఉదాహరణే నా వాదనకు బలం. సాఫ్ట్‌వేర్ ఫ్రేములు కలిపేటప్పుడు ముందున్న వస్తువు అంచు దగ్గర తడబడుతుంది. అక్కడ తెల్లటి గీతలు, దొంగ అంచులు పుడతాయి. మీరు చూసిన పగులు సరిగ్గా సౌండ్ పోస్ట్ పక్కనే ఉంది. అది పగులో, స్టాకింగ్ గీతో మీకెలా తెలుసు?

విజయనగరం_వయొలిన్
పలక విప్పించి చూశాను కాబట్టి తెలుసు. మరమ్మతు చేసినాయన బిళ్లలు తీసి నా చేతిలో పెట్టాడు.

సూర్యబింబం
అంటే ఫొటోను నమ్మలేక విప్పించారు. నేను చెప్పేదీ అదే.

విజయనగరం_వయొలిన్
బాగుచేయించడానికి విప్పించాను, నమ్మలేక కాదు. నా బాధ మీకు వాదనలో ఒక పాయింటుగా కనిపిస్తోందా?

సూర్యబింబం
మీరు ఫొటోగ్రాఫర్ కాదని మీరే రాశారు. ఏది ఫొటో అన్న చర్చలో ఆ తేడా ఉంటుంది మరి.

కడప_మాక్రో
ఇది మర్యాద కాదు సార్. పెద్దవారని ఇంతసేపు ఊరుకున్నాను. ఆవిడ చెప్పిన సౌండ్ పోస్ట్ సంగతి మనలో ఒక్కరికైనా తెలుసా? తెలియకుండానే రేపు ఎవరి చెల్లోలోనో గొట్టం దూర్చేవాళ్లం. మీకు స్టాకింగ్ మీద ఇంత కోపం ఎందుకో చెప్పండి. ఇది నియమాల గొడవలా లేదు.

నిర్వాహకుడు
అందరూ కొంచెం నెమ్మది. వ్యక్తుల మీదికి వెళ్లొద్దు.

సూర్యబింబం
చెబుతాను. మేడమ్‌తో అలా మాట్లాడాల్సింది కాదు, క్షమించండి. ఒకప్పుడు ఒక పోటీకి కొల్లేరు పక్షుల ఫొటో పంపాను. దానికోసం తెల్లవారుజామున నీళ్లలో నిలబడి వారాలు గడిపాను. మొదటి బహుమతి వచ్చిన చిత్రంలో నీళ్లు ఒక రోజువి, పక్షులు ఇంకో రోజువి. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. అడిగితే ‘చూసేవాళ్లకు అదంతా అనవసరం’ అన్నారు. అప్పటి నుంచి ఏ చిత్రం చూసినా ఇది ఎంతవరకు నిజం అనే అడుగుతున్నాను. ఎదురుగా నిలబడి చూసినవాడికీ, ఇంట్లో కూర్చుని కూర్చినవాడికీ ఒకే పేరు ఇస్తే మొదటివాడు దేనికి నీళ్లలో దిగాలి?

కడప_మాక్రో
అది మోసమే, ఒప్పుకుంటా. కానీ అక్కడ రెండు రోజులు కలిపి ఒక రోజన్నారు. ఇక్కడ ఒకే చోట, ఒకే వెలుతురులో, కెమెరా కదలకుండా తీసినవి. మీ కోపం చెప్పకుండా చేసినవాళ్ల మీద. చెప్పి చేసినవాణ్ణి ఎందుకు శిక్షిస్తారు?

గొల్లపల్లి_పనస
మొదటి నుంచీ చదువుతున్నాను. మాది బొబ్బిలి పక్కన గొల్లపల్లి. మా నాన్న, మా తాత వీణలు చేసినవాళ్లే. నేను విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను, ఉలి పట్టడం సగమే వచ్చు.

ఈ చిత్రం ఎవరిది, కెమెరాదా కంప్యూటర్‌దా అని రెండు రోజులుగా వాదిస్తున్నారు. చిత్రంలో కనిపించే ప్రతి గీతా ఒక మనిషి ఉలి గీత. బ్రూక్స్ గారి చెల్లో ఫొటో కింద ‘లాకీ హిల్, లండన్, సుమారు 1780’ అని ఉంటుంది. రెండు వందల ఏళ్లు దాటినా చేసినవాడి పేరు నిలిచింది. మన ప్రదర్శనకు వచ్చిన చిత్రం కింద కెమెరా, లెన్స్, ఐఎస్ఓ అన్నీ ఉన్నాయి. చెల్లో ఎవరు చేశారో లేదు. ఎవరూ అడగలేదు కూడా.

మా ఏకాండి వీణలో కుండ (బోలుగా ఉండే గుండ్రటి భాగం), దండి (పొడవాటి మెడ), యాళి ముఖం (కొసన చెక్కే సింహం లాంటి తల) అన్నీ ఒకే పనస మాను నుంచి వస్తాయి. కుండ లోపల తొలవడం అన్నిటికంటే కష్టమైన పని. మా నాన్న ఎడమ చెయ్యి వెనక పెట్టి, కుడి చేత్తో లోపల చెక్కుతూ, మధ్యమధ్య వేలి కణుపుతో బయట కొట్టి వినేవాడు. ఎక్కడ చెక్క మందంగా ఉందో చప్పుడే చెప్పేది. అడుగున కొంచెం మందం ఉంచి, అంచుల వైపు సన్నం చేసుకుంటూ వచ్చేవాడు. ఆ తర్వాత పైన పలక మూసేస్తారు. ఆయన పని అంతటితో కనబడదు. పైన నగిషీ చేసిన యాళిని అందరూ ఫొటో తీస్తారు. కుండ లోపలిది ఎవరైనా తీయగా ఈ రోజు వరకూ నేను చూడలేదు. పలక మీది రంధ్రాలు చాలా చిన్నవి, మీ ప్రోబ్ పట్టదు కూడా. ఇప్పుడు మా ఊళ్లో ఎక్కువగా అమ్ముడయ్యేవి బహుమతులుగా ఇచ్చే చిన్న వీణలు. వాటి లోపల నాదం కోసం తొలిచే పనే లేదు.

కడప_మాక్రో
అన్నా, మరమ్మతుకు పలక తీసినప్పుడు రానిస్తారా? స్టాక్ చేసి తీస్తాను, మీ నాన్నగారి పేరు పైన వేస్తాను.

గొల్లపల్లి_పనస
నాన్న లేరు తమ్ముడూ. చిన్నాన్న ఉన్నాడు. అడిగి చూశాను, వద్దన్నాడు. ‘లోపల మందం ఎక్కడ ఎంత ఉంచామన్నదే మా విద్య. అది గోడకు తగిలించి ఊరందరికీ చూపిస్తే మాకేం మిగులుతుంది’ అన్నాడు. నాకు మాత్రం తీయాలనే ఉంది. ఆయన తర్వాత మా ఇంట్లో ఆ పని చేసేవాళ్లు లేరు.

విజయనగరం_వయొలిన్
మీ చిన్నాన్నగారి మాట కాదనలేను. కానీ వాయించేదాన్నిగా నాకు ఒకటి అనిపిస్తుంది. లోపలిది ఎప్పుడూ దాచి ఉంచడం వల్లే నాకు ఆ వయొలిన్ అంటగట్టగలిగారు. కొనేవాళ్లకు లోపల చూసే హక్కు ఉండాలి. చేసినవాళ్ల పేరుకూ అదే రక్ష, ఎవరిదో నాసిరకం వీణను బొబ్బిలి వీణ అని అమ్మేవాళ్లు తగ్గుతారు.

గొల్లపల్లి_పనస
కొన్నవాళ్లు చూసుకోవడం వేరమ్మా, ప్రదర్శనకు పెట్టడం వేరు. చిన్నాన్న భయం రెండోదాని గురించి.

సూర్యబింబం
పనస గారూ, మీ చిన్నాన్నగారి మాటే నాకు నచ్చింది. చూడటానికి చేయనిదాన్ని చూపించి చప్పట్లు కొట్టించుకోవడం నాకు మొదటి నుంచీ మింగుడు పడటం లేదు. వాయిద్యం వినడానికి.

కడప_మాక్రో
ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. ఇంతసేపూ స్టాకింగ్ అన్నారు. ఒకే ఫ్రేములో తీసినా మీరు వద్దనేవారే.

సూర్యబింబం
ఒకే ఫ్రేములో తీస్తే ఫొటో అంటాను. నచ్చిందని అనను. రెండూ వేరు.

డల్లాస్_మూర్తి
పనస గారూ, మా అమ్మాయికి వీణ కావాలి. చిన్నాన్నగారు ఆర్డర్లు తీసుకుంటారా? పెద్దదే, ఏకాండిదే.

గొల్లపల్లి_పనస
తీసుకుంటాడండి. విడిగా మెసేజ్ పెడతాను. మంచి మాను దొరకాలి, ఆలస్యమవుతుంది.

నిర్వాహకుడు
చర్చను ఓటుకు తెస్తున్నాను. ఒకటి, స్టాక్ చేసిన చిత్రాలు ‘ఫొటో’ విభాగంలోనే ఉండాలా. రెండు, ఎన్ని ఫ్రేములు కలిపారో తప్పనిసరిగా రాయాలా. మూడు, వాయిద్యం చేసినవారి పేరు రాయాలా, యజమాని అనుమతి జతచేయాలా. చేసినవారు ఎవరో తెలియని పాత వాయిద్యాల సంగతి ఏం చేద్దాం?

గొల్లపల్లి_పనస
‘చేసినవారి పేరు తెలియదు’ అని రాయించండి. యజమానితో పాటు, చేసినవాళ్లు బతికి ఉంటే వాళ్లనూ అడగాలని చేర్చండి.

కడప_మాక్రో
చేసినవాళ్లను కూడా అడగాలంటే సగం చిత్రాలు ఆగిపోతాయి. పేరు రాయడానికి ఔను, అనుమతికి యజమాని చాలు.

విజయనగరం_వయొలిన్
తీగలు వదులు చేసే పని వాయిద్యం తెలిసినవాళ్ల సమక్షంలోనే జరగాలని కూడా రాయండి, దయచేసి.

సూర్యబింబం
మొదటిదానికి నా ఓటు వద్దనే. రెండు, మూడుకు ఔను. పనస గారు చేర్చమన్న మాటకు కూడా ఔను.