డీటీపీ షాపుకి 30 వేలల్లో సిస్టమ్: సెకండ్ హ్యాండా, కొత్తగా అసెంబుల్ చేయించాలా?

గూడెం డీటీపీ

నమస్తే అండి, మాది తాడేపల్లిగూడెం దగ్గర చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. మొన్న తుఫాను వానకి కరెంటు పోయింది, తిరిగి వచ్చీ రాగానే టప్ మని సౌండు, కాలిన వాసన, అంతే, 2010లో కొన్న సిస్టమ్ మళ్లీ లేవలేదు. మెకానిక్ చూసి ఎస్‌ఎమ్‌పీఎస్ (లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా పట్టుకుపోయింది అన్నాడు. హార్డ్ డిస్క్ మాత్రం బతికే ఉందంట, పదిహేనేళ్ల పెళ్లికార్డులన్నీ అందులోనే ఉన్నాయి. పెళ్లి ముహూర్తాలు నెత్తిమీదకొచ్చేశాయి. పని అంటే పేజ్‌మేకర్ 7లో అను తెలుగు ఫాంట్లతో కార్డులు, కరపత్రాలు, ఫొటోషాప్‌లో ఫ్లెక్సీలు, మధ్యమధ్యలో ఆన్‌లైన్ అప్లికేషన్లు. గేములు లేవు. మానిటర్, కీబోర్డు ఉన్నాయి. 30 వేలు దాటలేను. ఊళ్లో ఒకాయన ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే స్పీడు డిస్క్) అన్నీ కలిపి 14 వేలు అంటున్నాడు, ఐ7 అంటే పెద్దదే కదా, తీసేసుకోమంటారా?

పార్క్‌లేన్ పాతకాపు

అన్నా ఆగు, పైసలు ఇయ్యకు. ముందు గది ఏ జనరేషనో అడుగు. మా బావమర్ది గిట్లనే ఐ7 ఐ7 అని మురిసి తెచ్చుకున్నడు, ఇంటికొచ్చినంక నేను చూస్తే ఐ7-2600, 2011ల వచ్చిన చిప్పు. డబ్బాల బోర్డు కొత్తగనే మెరుస్తుంటది, పాత ప్రాసెసర్ల కోసమే చేసిన లోకల్ బోర్డులు గవి, ర్యామ్ గూడ పాత రకం డీడీఆర్3. ఐ7 తర్వాత గీత ఉంటది కదా, దాని పక్కన నంబరు చూడు: 2600 అంటే 2వ జనరేషన్, 8500 అంటే 8, 12100 అంటే 12. ఇప్పటి 12వ జెన్ ఐ3 ఆ పాత ఐ7ని ఉతికి ఆరేస్తది. ఇంకోటి, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తోని సపోర్ట్ బందైంది, విండోస్ 11 ఇంటెల్‌ల అయితే 8వ జెన్ నుంచే సక్కగ పడతది. అంతకు తక్కువది ఫ్రీగ ఇస్తనన్నా తీస్కోకు.

పాత మదర్‌బోర్డు

పైన చెప్పింది కరెక్టే. నేను పదేళ్లు ఫ్లెక్సీ డిజైన్ చేశానండి కాబట్టి మీ బాధ తెలుసు. ఒక లెక్క చూడండి, 20 బై 10 అడుగుల ఫ్లెక్సీ 72 డీపీఐలో, అంటే అంగుళానికి 72 చుక్కలు, పెడితే 17,280 బై 8,640 పిక్సెళ్లు, సీఎమ్‌వైకేలో (ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల పద్ధతి) ఒక్క లేయరే దాదాపు 600 ఎంబీ. నాయకుడి ఫొటో, వెనక జెండా, కింద గుండ్రాల్లో ఇరవై మంది తలకాయలు, ఎన్ని లేయర్లయ్యాయి? ర్యామ్ చాలకపోతే ఆ బరువంతా డిస్క్ మీద పడుతుంది, అందుకే సేవ్ కొట్టి టీ తాగొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. మీ డబ్బు ర్యామ్‌కి, ఎస్‌ఎస్‌డీకి పెట్టండి, గ్రాఫిక్స్ కార్డు ఊసే ఎత్తొద్దు.

నా ఓటు సెకండ్ హ్యాండ్ కంపెనీ సిస్టమ్‌కే, ఆఫీసుల్లో వాడి తీసేసిన డెల్, హెచ్‌పీ, లెనోవో డబ్బాలు, ఐ5-8500 లాంటివి, ఆరు కోర్లు, మీ పనికి ఎక్కువే. కానీ సన్నగా ముద్దుగా ఉందని చిన్న డబ్బా తీసుకోకండి, వాటిలో ఎస్‌ఎమ్‌పీఎస్ ఆ కంపెనీ సైజుదే ఉంటుంది, మళ్లీ వాన కొట్టి అది పోతే బజార్లో దొరికే మామూలుది పట్టదు. టవర్ (నిలువుగా ఉండే పెద్ద డబ్బా) అడగండి, అందులో కూడా మామూలు ఎస్‌ఎమ్‌పీఎస్ పడుతుందో లేదో ముందే కనుక్కోండి. మీ పాత హార్డ్ డిస్క్ పెట్టుకోవడానికి కూడా చోటుంటుంది.

వేలిముద్ర

నాకు సెకండ్ హ్యాండ్ అంటేనే భయం బ్రో, వారంటీ అడిగితే నెల అంటారు, 29వ రోజు దాకా బానే ఉంటది. కొత్తది కట్టించుకోండి, ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ గానీ ఐ3-12100 గానీ. 12100ఎఫ్ మాత్రం వద్దు, ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకపోతే స్క్రీన్ నల్లగా ఉంటది, నేనే బోల్తా పడ్డా.

పాత మదర్‌బోర్డు

వారంటీ మాట నిజమే కానీ ఈ మధ్య ర్యామ్ రేట్లు చూశారా, మండిపోతున్నాయి. 30 వేలల్లో కొత్తది అంటే 8 జీబీతో సరిపెట్టుకోవాలి లేదా లోకల్ ఎస్‌ఎమ్‌పీఎస్ వేయించుకోవాలి. ఎస్‌ఎమ్‌పీఎస్ వల్లే కాలిపోయినాయనకి మళ్లీ అదే చెప్తామా?

గూడెం డీటీపీ

ఆ షాపాయనకి ఫోన్ చేసి ఏ జనరేషనండీ అంటే "ఐ7 అంటే ఐ7ఏ, మీకెందుకండీ అయ్యన్నీ" అన్నాడు. ఫోన్ పెట్టేశా. ఆదివారం బెజవాడ వెళ్తున్నా. అక్కడ ఏం చూసుకోవాలి?

పార్క్‌లేన్ పాతకాపు

ఆన్ చేపిచ్చి కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ నొక్కు, టాస్క్ మేనేజర్ల పర్ఫార్మెన్స్‌కు పో, సీపీయూ అసలు పేరు ఆడ ఉంటది, స్టిక్కర్ నమ్మకు. మెమొరీల ఎన్ని స్లాట్లు నిండినయో కూడ చూపెడతది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ పెన్ డ్రైవ్‌ల ఏస్కపో, ఎస్‌ఎస్‌డీ ఎంత అరిగిందో తెలుస్తది. అరగంట నడిపిచ్చి చెయ్యి పెట్టి చూడు, సిగ్గుపడకు.

గూడెం డీటీపీ

తీసుకున్నానండి! ఐ5-8500 టవరే. 16 అన్నాడు, టాస్క్ మేనేజర్‌లో చూస్తే 8 జీబీనే, ఒకటే కడ్డీ ఉంది. అదేంటండీ అంటే తల గోక్కుని ఇంకో 8 తెచ్చి పెట్టాడు. రాత్రి పాత డిస్క్ తగిలించి ఒక కార్డు ఓపెన్ చేస్తే పెళ్లికొడుకు పేరు, ముహూర్తం అన్నీ ఇంగ్లీషు పిచ్చిగీతల్లా వచ్చాయి, గుండె ఆగినంత పనైంది, తర్వాత గుర్తొచ్చింది అను ఫాంట్లు ఇంకా వెయ్యలేదని. వేశాక అన్నీ వచ్చేశాయి. మిగిలిన డబ్బుతో యూపీఎస్ తీసుకుంటా, 600 వీఏ కెపాసిటీది చాలా? లేజర్ ప్రింటర్ కూడా దానికే పెట్టాలి.

పాత మదర్‌బోర్డు

సిస్టమ్‌కి, మానిటర్‌కి చాలు. లేజర్ ప్రింటర్ మాత్రం యూపీఎస్‌కి పెట్టకండి, అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, యూపీఎస్ కుయ్ మని పడిపోతుంది. దాన్ని నేరుగా గోడకే పెట్టండి. ముందు ఆ పాత డిస్క్‌లోవన్నీ ఇంకో చోటికి కాపీ కొట్టండి, పదిహేనేళ్లదండి అది.

గూడెం డీటీపీ

కాపీ అవుతోందండి, ఇంకా నాలుగు గంటలు చూపిస్తోంది.