యానిమేషన్‌కి ముందు పెన్సిలా, నేరుగా బ్లెండరా?

గోదారిగట్టు_రవి: డిగ్రీ అయిపోవస్తోంది, యానిమేషన్ వైపు వెళ్దామని ఉంది. ఒక ఇన్‌స్టిట్యూట్‌లో అడిగితే మొదటి ఆరు నెలలు పెన్సిలు, కాగితమే అన్నారు. ఇంకోచోట "2డి కాలం అయిపోయింది, మొదటి రోజే 3డి" అన్నారు. నాకు బొమ్మలు వేయడం అంతంతమాత్రం. ఫీజు కట్టే ముందు అడుగుతున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?

లైట్‌బాక్స్_పద్మ: పెన్సిల్‌తోనే. సెకనుకు 24 ఫ్రేములు. చేత్తో గీసేవాళ్లు చాలాసార్లు ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు ఉంచుతారు, అంటే సెకనుకు 12 బొమ్మలు. ఆ పన్నెండూ నువ్వే గీయాలి కాబట్టి ప్రతి బొమ్మ దగ్గరా "ఇది ఎంత దూరం జరగాలి" అని ఆలోచించక తప్పదు. సాఫ్ట్‌వేర్‌కి మొదటి పోజు, చివరి పోజు ఇస్తే మధ్యవి అదే నింపేస్తుంది. అది నింపింది బాగుందో లేదో చెప్పగలిగే కన్ను ఎక్కడి నుంచి వస్తుంది? డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో పుస్తకంలో పెట్టిన 12 యానిమేషన్ సూత్రాలూ కాగితం మీద పుట్టినవే.

రిగ్గింగ్_రాజా: పద్మ గారూ, కాగితం మీద పుట్టాయి, కాదనను. కానీ అవే సూత్రాలు కంప్యూటర్ 3డిలో ఎలా పనిచేస్తాయో పిక్సార్‌కి చెందిన జాన్ లాసెటర్ 1987లోనే సిగ్‌గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సు పేపర్‌లో రాశారు. సూత్రాలకి పెన్సిల్‌తో పెళ్లేం కాలేదు. తమ్ముడు బొమ్మలు రావంటున్నాడు. ముక్కు, చెయ్యి గీయడంతోనే ఆరు నెలలు గడిచిపోతే కదలిక ఎప్పుడు నేర్చుకుంటాడు? బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్ ఉచితం, రిగ్గులు, అంటే బొమ్మను ఆడించే కీళ్ల అమరికలు, కూడా ఉచితంగా దొరుకుతాయి. 2025లో ఆస్కార్ తెచ్చుకున్న 'ఫ్లో' సినిమా దాంట్లో చేసిందే.

లైట్‌బాక్స్_పద్మ: ముక్కూ చెయ్యీ గీయమని ఎవరన్నారండీ? గుండ్రాలు, పుల్ల బొమ్మలు చాలు. పిండి బస్తాను ప్రాణమున్నట్టు కదిలించే అభ్యాసం ఉంది కదా. దానికి మొహం లేదు, చేతుల్లేవు. అది గోడ దగ్గరికొచ్చి భయపడి వెనక్కి జంకినట్టు గీయగలిగితే సగం పని వచ్చినట్టే. ఆస్కార్ సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వలేదు లెండి.

నిమ్మలకుంట_అల్లుడు: మీ ఇద్దరి గొడవలో కటౌట్‌ని మర్చిపోయారు. మా అత్తగారి ఊరి తోలుబొమ్మనే తీసుకోండి. తల, మొండెం, చేతులు విడివిడి ముక్కలు, కీళ్ల దగ్గర దారం ముడి, ఆడించడానికి పుల్లలు. 2డి రిగ్గు అంటే ఇంకేముంది? జర్మనీలో లోటె రైనిగర్ ఇలాగే నల్లటి అట్ట కత్తిరించి, కీళ్లు పెట్టి, ఫ్రేము ఫ్రేమూ తీసి 1926లో పూర్తి నిడివి సినిమా పూర్తి చేశారు. రవీ, నీకు కావాల్సింది అట్టముక్కలు, ఫోను, దాన్ని కదలకుండా పట్టుకునే స్టాండు. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసుకో, లేదంటే వెలుతురు ఫ్రేముకోలా మిణుకుమంటుంది. ఫ్యాన్ ఆపడం మర్చిపోకు.

రిగ్గింగ్_రాజా: సరదాకి బాగుంది బావగారూ. ఉద్యోగం మాటేంటి?

నిమ్మలకుంట_అల్లుడు: ఛోటా భీమ్ హైదరాబాద్‌లో పుట్టింది 2డిలోనే కదా. టీవీ 2డి సిరీస్‌లు చాలావరకు ఇలా ముక్కలు జోడించిన రిగ్గుల మీదే నడుస్తాయి. ప్రతి ఫ్రేమూ కొత్తగా గీస్తూ కూర్చుంటే ఎపిసోడ్లు తెమలవు.

గోదారిగట్టు_రవి: మీరు మాట్లాడుకునేలోపు బ్లెండర్‌లో బంతి పడేసి చూశా. బల్ల మీది నుంచి నేలకి. 1వ ఫ్రేములో బల్ల ఎత్తు, 25లో నేల, 49లో మళ్లీ పైన. అచ్చం బెలూన్‌లా తేలుతోంది. ఎందుకు రాజా అన్నా?

రిగ్గింగ్_రాజా: ముందు లెక్క చూడు. 24 ఫ్రేములంటే సెకను. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే సెకనులో ఏ వస్తువైనా దాదాపు 4.9 మీటర్లు పడుతుంది, అంటే మేడ మీంచి పడినంత. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు అనుకుంటే తొమ్మిది ఫ్రేములు చాలు. ఇంకోటి, బ్లెండర్ మామూలుగా ప్రతి కీ దగ్గరా, అంటే నువ్వు స్థానం పెట్టిన ఫ్రేము దగ్గరా, కదలికను నెమ్మది చేస్తుంది. పైన అది సరే, బంతి నిజంగానే అక్కడ నెమ్మదిస్తుంది. నేలను తాకేచోట మాత్రం వేగం ఎక్కువ ఉండాలి. కదలికను గీతగా చూపే గ్రాఫ్ ఎడిటర్‌లో ఆ కీని ఎంచుకుని, కీబోర్డు మీద 'వి' నొక్కి గీత వంపును నిర్ణయించే హ్యాండిల్‌ని వెక్టర్ చేయి. గీత అక్కడ మెత్తగా తిరగకుండా పదునుగా విరగాలి. రెండో ఎగురు మొదటిదానంత ఎత్తు రాకూడదు.

లైట్‌బాక్స్_పద్మ: ఇప్పుడు మీరు చెప్పిందంతా టైమింగ్, స్పేసింగ్; అంటే ఎన్ని ఫ్రేములు పడుతుంది, ఫ్రేముకి ఎంత జరుగుతుంది అన్నది. నేను మొదటి నుంచీ మొత్తుకుంటోంది దాని గురించే. కాగితం మీద బంతి పడటం గీస్తే ఎడం ఫ్రేముకి 1, 3, 5, 7 వంతున పెరుగుతుంది. పైన బొమ్మలు ఒకదాని మీద ఒకటి, కింద దూరం దూరం. రవికి ఆ తేడా గీస్తున్నప్పుడే తెలిసేది.

రిగ్గింగ్_రాజా: మోషన్ పాత్ ఆన్ చేస్తే ప్రతి ఫ్రేములో బంతి ఉన్నచోటు చుక్కలుగా 3డిలోనూ కనిపిస్తుంది మేడమ్.

లైట్‌బాక్స్_పద్మ: ఆన్ చేయాలని కొత్తవాడికి తట్టాలి కదా! రవీ, ఆ ఆరు నెలల్లో ఏం గీయిస్తారో వెళ్లి అడుగు. కుండలు, పళ్లు పెట్టి షేడింగ్ చేయిస్తామంటే కట్టకు, ఈ మాట పెన్సిల్ మనిషిగా చెబుతున్నా. ఫ్లిప్‌బుక్‌లు, భంగిమను పట్టుకుని నిమిషంలో ముగించే జెశ్చర్ డ్రాయింగ్‌లు, పాత విద్యార్థులు గీతలతోనే కదలికను పరీక్షించిన లైన్ టెస్టులు చూపిస్తే ఆలోచించు. 3డి వాళ్లనీ అలాగే నిలదీయి. మొదటి నెలంతా మోడలింగ్, టెక్స్చర్లు అయితే అక్కడా కదలిక లేనట్టే.

రిగ్గింగ్_రాజా: ఈ చివరి మాటకి నా ఓటు. మిగతాదానికి కాదు.

గోదారిగట్టు_రవి: సోమవారం రెండు చోట్లా అడుగుతా. బంతి ఇప్పుడు బాగానే పడుతోంది అన్నా. అణగడం ఏ ఫ్రేములో పెట్టాలి?

రిగ్గింగ్_రాజా: నేలను తాకిన ఫ్రేములోనే. దాని ముందు ఫ్రేములో కొంచెం నిలువుగా సాగదీయి. అణిచినప్పుడు అడ్డంగా వెడల్పు పెంచు, లేకపోతే బంతి చిన్నదైపోయినట్టు కనిపిస్తుంది.

నిమ్మలకుంట_అల్లుడు: ముందు అది ఏ బంతో చెప్పు తమ్ముడూ. క్రికెట్ బంతి అయితే అసలు అణచకు.