షిప్ ఎక్కే ముందు ఇటలీలో ఆరు రోజులు: ఎనిమిది మందికి వ్యానా, రైలా, లేక రోమ్ ఒక్కటే చాలా?

మణికొండ_వాసి

అందరికీ నమస్కారం. జూన్ మూడో వారంలో రోమ్ దగ్గరి చివిటావెక్కియా పోర్టు నుంచి ఏడు రాత్రుల క్రూయిజ్ బుక్ చేశాం. లివోర్నో, మార్సెయ్, బార్సిలోనా, నేపుల్స్‌లో ఆగుతుంది. దానికి ముందు ఆరు రోజులు ఇటలీకి పెట్టుకున్నాం. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు (11, 6), అమ్మ, నాన్న హైదరాబాద్ నుంచి వస్తాం, బామ్మర్ది, వాళ్ళావిడ ఇంగ్లండ్‌లోని స్లౌ నుంచి వస్తారు. మొత్తం ఎనిమిది మంది. నాన్నకి 73, బాగానే నడుస్తారు. అమ్మకి 68, రెండు మోకాళ్ళూ నొప్పులే, మెట్లంటేనే భయం.

నెల రోజులుగా ఇంట్లో ఇదే వాదన. బామ్మర్ది తొమ్మిది సీట్ల వ్యాన్ అద్దెకు తీసుకుని తనే నడుపుతానంటాడు, రోమ్‌లో దిగి ఫ్లోరెన్స్, వెనిస్ చూసుకుని మళ్ళీ కిందికి పోర్టుకి రావడం అతని ప్లాన్. నేను రైలంటున్నాను. మా ఆవిడేమో అసలు రోమ్ దాటొద్దు, ఆరు రోజులూ అక్కడే ఉందాం అంటోంది. నాన్న ఏదీ తేల్చి చెప్పరు. కానీ ఆయన టీచరుగా పనిచేసిన హైస్కూల్లో స్టాఫ్‌రూమ్ గోడకి వెనిస్ కాలువ బొమ్మ ఉన్న క్యాలెండర్ ఒకటి ఉండేదట, ఏడాదులు మారినా దాన్ని ఎవరూ తీయలేదట, ఈ మాట ఈ నెలలో మూడుసార్లు చెప్పారు. ఫ్లైట్ టికెట్లు ఇంకా తీయలేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మిలాన్‌లో_పదేళ్ళు

వ్యాన్ వద్దండీ. నడపడం రాదని కాదు, ఇక్కడ హైవే మీద నడపడం తేలికే. చిక్కంతా ఊళ్ళోకి వెళ్ళాక. రోమ్, ఫ్లోరెన్స్ లాంటి ఊళ్ళ పాత భాగాల్లో జెడ్‌టీఎల్ అని ఉంటుంది, అంటే అనుమతి లేని బళ్ళు ఫలానా గంటల్లో ఆ వీధుల్లోకి రాకూడదు. గేటు ఉండదు, పోలీసు ఉండడు, మిమ్మల్ని ఎవరూ ఆపరు. స్తంభం మీద కెమెరా నంబర్ ప్లేటు ఫొటో తీసుకుంటుంది, అంతే. మా అన్నయ్యవాళ్ళు టస్కనీలో ఒక ఊళ్ళో హోటల్ వెతుక్కుంటూ ఒకే సందులోకి మూడుసార్లు వెళ్ళారు. వాళ్ళకి ఏమీ తెలియలేదు, ఇండియా వెళ్ళిన ఏడు నెలలకి మూడు చలానాలు వచ్చాయి. అంతకుముందే బండి అద్దెకిచ్చిన కంపెనీ, మీ వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు అని ఒక్కోదానికీ విడిగా కార్డు మీద డబ్బులు కోసుకుంది.

వెనిస్ సంగతి ఇంకా స్పష్టం. కారు ప్యాజాలే రోమా దాకానే వెళ్తుంది, ఆ తర్వాత రోడ్డే లేదు, నీళ్ళు. అక్కడ గ్యారేజీలో రోజు లెక్కన డబ్బు కట్టి వ్యాన్‌ని ఖాళీగా నిలబెట్టాలి. రోమ్‌లోనూ అంతే. ఆరు రోజుల అద్దె కడితే అది నిజంగా పనికొచ్చేది ఏ రెండు పూటలో.

రైలైతే రోమ్ నుంచి ఫ్లోరెన్స్ గంటన్నర, ఫ్లోరెన్స్ నుంచి వెనిస్ రెండు గంటల పైచిలుకు, రోమ్ నుంచి నేరుగా వెనిస్ నాలుగు గంటలు. ఫ్రెచ్చారోస్సా, ఇటాలో రెండూ పోటీ పడి నడుస్తాయి, ముందుగా తీస్తే చాలా తక్కువకే దొరుకుతాయి.

స్లౌ_బామ్మర్ది

నేనే ఆ బామ్మర్దిని. బావ లింక్ పంపాడు కాబట్టి నా మాట కూడా వినండి. ఎనిమిది మందికి ఎనిమిది పెద్ద పెట్టెలు, ఎందుకంటే షిప్‌లో డిన్నర్‌కి బట్టలు వేరే, అత్తయ్యగారి మందుల సంచి వేరే, పిల్లల సామాన్లు వేరే. రైల్లో ఆ పెట్టెలు ఎక్కించేది నేనూ బావే. ఇద్దరం పెట్టెల దగ్గర ఉంటే అత్తయ్యగారిని రైలు మెట్లు ఎక్కించేది ఎవరు? పిల్లల చెయ్యి పట్టుకునేది ఎవరు? ప్లాట్‌ఫాం నంబరు బయల్దేరడానికి కొన్ని నిమిషాల ముందు గానీ బోర్డు మీద పడదు, అప్పుడు అందరూ ఒక్కసారి పరుగు. వ్యాన్ అయితే ఆవిడ ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాను. ఫ్రాన్స్‌లో రెండుసార్లు కుడివైపు నడిపాను, నాకు కొత్త కాదు. జెడ్‌టీఎల్ బయట హోటల్ తీసుకుంటే చలానా రాదు కదా. డబ్బు లెక్క కంటే ఆవిడ సౌకర్యం ముఖ్యమని నా ఉద్దేశం.

హనుమకొండ_కోడలు

తమ్ముడూ, నీ బాధ సరైనదే, మా అత్తమ్మవి కూడా అలాంటి మోకాళ్ళే. కానీ ఒక్కటి చూడు. తొమ్మిది సీట్ల వ్యాన్‌లో ఎనిమిది మంది కూర్చుంటే వెనక సీటుకీ డోర్‌కీ మధ్య మిగిలే చోటు ఎంత? రెండేళ్ళ కిందట మేం ఏడుగురం అలాంటి బండే తీసుకుంటే నిలబెట్టిన పెట్టెలు నాలుగు పట్టాయి. మిగతావి సీట్ల మధ్య కుక్కాం, అత్తమ్మ కాళ్ళు చాపుకోలేక రెండు గంటలు అలాగే మడుచుకుని కూర్చున్నారు, దిగేటప్పటికి మోకాలు వాచింది. ఏ మోకాళ్ళ కోసం వ్యాన్ తీసుకున్నామో వాటికే దెబ్బ.

రైలు స్టేషన్ల గురించి ఎవరూ చెప్పని మాట ఒకటి చెప్తాను. రోమా టెర్మినీ, ఫ్లోరెన్స్ సాంతా మరియా నొవెల్లా, వెనిస్ సాంతా లూచియా, ఈ మూడూ పట్టాలు అక్కడితో ఆగిపోయే స్టేషన్లు. అంటే లోపలికి వచ్చాక ఓవర్‌బ్రిడ్జి ఎక్కక్కర్లేదు, సబ్‌వే దిగక్కర్లేదు, హాల్లోంచి నేరుగా ప్లాట్‌ఫాం మీదికి నడిచి వెళ్ళిపోవడమే. మెట్లు ఉన్నది రైలు తలుపు దగ్గరే. దానికి సాలా బ్లూ అనే సహాయం ఉంది, ముందే బుక్ చేసుకుంటే వీల్‌చెయిర్‌తో వచ్చి లిఫ్ట్‌లాంటి దాని మీద ఎక్కిస్తారు, డబ్బు తీసుకోరు. మా అత్తమ్మని అలా ఎక్కించిన అబ్బాయి సీటు దాకా వచ్చి ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టి వెళ్ళాడు.

పెట్టెలకి దారి ఒకటే, మనుషులతో పాటు అన్ని పెట్టెలూ ఊరూరూ తిరగకూడదు. రోమ్‌లో దిగి, పెద్దవన్నీ అక్కడ మళ్ళీ ఉండబోయే హోటల్లోనే వదిలి, రెండు రాత్రులకి చిన్న బ్యాగులతో వెనిస్ వెళ్ళి రండి.

మిలాన్‌లో_పదేళ్ళు

అక్కా, అలా చేస్తే రానూ పోనూ ఎనిమిది గంటల రైలు. టికెట్లు ఇంకా తీయలేదన్నారు కదా, దిగడమే వెనిస్‌లో దిగమనండి. దుబాయ్ మీదుగా వెనిస్‌కి ఫ్లైట్ ఉంది, లండన్ నుంచి ఎటూ ఉన్నాయి. హోటల్ మాత్రం వెనిస్ లోపల వద్దు, నీళ్ళకి ఇవతల నేల మీదున్న మెస్త్రేలో, స్టేషన్ ఎదురుగా తీసుకోండి. పెద్ద పెట్టెలతో ఆ వంతెనలు ఎక్కి దిగడం మామూలు కష్టం కాదు, నాలుగు వందలకి పైగా ఉన్నాయి, చాలావాటికి మెట్లే. మెస్త్రే నుంచి లోకల్ రైల్లో పది నిమిషాలు. ఒక్క రోజు కోసం వెనిస్ వచ్చేవాళ్ళ దగ్గర కొన్ని రోజుల్లో తీసుకునే డే ట్రిప్ ఫీజు కూడా అక్కడ ఉండేవాళ్ళకి ఉండదు, కాకపోతే ఫీజు పెట్టే రోజుల్లో వెళ్తుంటే మినహాయింపు కోసం ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి.

కాకినాడ_కాజా

నేను మీ ఆవిడ పక్షం. ఆరు రోజులంటారు గానీ మొదటి రోజు ప్రయాణం బడలికకి పోతుంది, చివరి రోజు షిప్‌కి పోతుంది. మిగిలింది నాలుగు. జూన్ ఎండలో, ఆ నల్లరాళ్ళు పరిచిన వీధుల్లో పెట్టె చక్రం ఊడిపోతుంది, మనిషి చీలమండ బెణుకుతుంది. రోమ్‌లోనే కొలోసియం (లిఫ్ట్ ఉంది, పద్దెనిమిది లోపు పిల్లలకి టికెట్ ఉచితం, కానీ వాళ్ళవీ పెద్దవాళ్ళవీ ముందే తీయాలి), పాంథియాన్, ట్రెవీ, సెయింట్ పీటర్స్, వాటికన్ మ్యూజియం అంటే పెద్దవాళ్ళకి నాలుగు రోజులు నిండిపోతాయి. మ్యూజియం ఆదివారాలు మూసి ఉంటుంది, నెల చివరి ఆదివారం తప్ప. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి, మన ఆడవాళ్ళకి చీరలు, చుడీదార్లతో ఇబ్బంది లేదు, నిక్కర్లు వేసుకునే మగవాళ్ళకే. తిండికి కూడా టెర్మినీ పక్కన ప్యాజా విట్టోరియో చుట్టూ బియ్యం, పప్పు, పచ్చిమిర్చి అన్నీ దొరికే మార్కెట్ ఉంది, కిచెన్ ఉన్న ఫ్లాట్ తీసుకుంటే రాత్రి పూట పెరుగన్నం తినొచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట. మేం షిప్ ఎక్కాల్సిన రోజే రైల్వే సమ్మె పడింది. పిల్లలతో స్టేషన్లో నిలబడి బోర్డు మీద ఒక్కో రైలు రద్దవుతుంటే చూస్తూ ఉన్నాను, ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తే. చివరికి రెండు టాక్సీలు మాట్లాడుకుని వెళ్ళాం. తర్వాత తెలిసింది, సమ్మెల తేదీలు ముందే ప్రకటిస్తారట, పనిరోజుల్లో అయితే పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య లోకల్ రైళ్ళు కొన్ని తప్పకుండా నడుపుతారట. కాబట్టి రోమ్ వచ్చేసేది షిప్‌కి కనీసం రెండు రోజుల ముందు అయ్యుండాలి. వెనిస్ నుంచి నేరుగా పోర్టుకి అనే ఆలోచన మాత్రం వద్దు.

హనుమకొండ_కోడలు

రోమ్‌కి రెండు రోజుల ముందే చేరాలన్న మాటతో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తాను. వెనిస్ వదిలేయమనడంతో మాత్రం కాదు. వెనిస్ అంటే నడిచే ఊరని అందరూ భయపెడతారు, కానీ మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు కూర్చుని చూడగలిగిన ఊరు కూడా అదే. సాంతా లూచియా స్టేషన్ బయట ఒకటో నంబరు వాపొరెట్టో, అంటే సిటీ బస్సు లాంటి పడవ, ఎక్కితే గ్రాండ్ కెనాల్ అంతా నెమ్మదిగా తిప్పుతూ ముప్పావు గంటలో సాన్ మార్కో దగ్గర దింపుతుంది. మా అత్తమ్మ ముందు సీట్లో కూర్చుని, నీళ్ళలోకి దిగిన ఇంటి గుమ్మాలు, వాటి కింది మెట్ల మీద పాచి చూస్తూ, వీళ్ళు ముగ్గు ఎక్కడ వేస్తారే అని అడిగారు. 75 నిమిషాల టికెట్ తొమ్మిదిన్నర యూరోలు, రోజంతా తిరిగేది ఇరవై ఐదు. రోజు టికెట్టే తీసుకోండి, అలసిపోయినప్పుడు వంతెన దాటకుండా పడవే ఎక్కొచ్చు.

అసలు మీ అమ్మగారిని ఎవరైనా అడిగారా?

మణికొండ_వాసి

అడగలేదండీ. మీరు రాశాక ఇవాళ పొద్దున అడిగాను. నాన్న వెంటనే, అమ్మకి ఇబ్బందైతే వద్దురా, ఫొటోల్లో చూశాం కదా అన్నారు. అమ్మ చింతపండు పులుసు తీస్తోంది, చెయ్యి కూడా కడుక్కోకుండా బయటికొచ్చి, ఈయన యాభై ఏళ్ళలో నన్ను ఫలానా చోటికి పోదామని ఒక్కసారి అడగలేదు, కూర్చోబెట్టి పడవలో తిప్పుతారంటే నాకేం, వస్తాను అంది.

కాబట్టి వెనిస్ ఉంటుంది. మా ఆవిడ కూడా సరే అంది, ఒక షరతు మీద: ఫ్లోరెన్స్ తీసేయాలి, ఎలాగూ షిప్ లివోర్నోలో ఆగుతుంది కాబట్టి ఆ రోజు చూసుకోవచ్చని. వెనిస్‌లో దిగి మెస్త్రేలో రెండు రాత్రులు, రైల్లో రోమ్, అక్కడ నాలుగు రాత్రులు.

మరి రోమ్ నుంచి పోర్టుకి?

మిలాన్‌లో_పదేళ్ళు

అక్కడ మాత్రం మీ బామ్మర్ది మాటే కరెక్ట్, బండే పెట్టుకోండి, కానీ డ్రైవర్‌తో. రైలు తలకి దాదాపు ఐదు యూరోలే, గంట పైన పడుతుంది. స్టేషన్లో దిగాక లార్గో దెల్లా పాచె దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి షిప్ దాకా పోర్టు వాళ్ళ ఉచిత బస్సు, అంటే ఎనిమిది పెట్టెలు మూడుసార్లు ఎక్కించి దించాలి. అమ్మగారితో అది వద్దు. బుక్ చేసేటప్పుడు ఎనిమిది మంది, ఎనిమిది పెద్ద పెట్టెలు అని విడివిడిగా రాయండి, లేకపోతే ఎనిమిది సీట్ల బండే వచ్చి నిలబడుతుంది. మినీబస్సు గానీ రెండు బళ్ళు గానీ కావాలి.

స్లౌ_బామ్మర్ది

సరే, వ్యాన్ క్యాన్సిల్ చేశాను. పెట్టెలకి చోటు గురించి కంపెనీకి ఫోన్ చేసి అడిగాను, హనుమకొండ అక్క చెప్పినట్టే ఉంది. సాలా బ్లూ బుకింగ్ నేను చేస్తాను.

కానీ లివోర్నో రోజు ఫ్లోరెన్స్ అనేది అత్తయ్యగారికి కుదరదు బావా. షిప్ నుంచి ఊళ్ళోకి బస్సు, అక్కణ్ణుంచి స్టేషన్, తర్వాత గంటన్నర రైలు, మళ్ళీ అంతా వెనక్కి. షిప్ మన కోసం ఆగదు.

హనుమకొండ_కోడలు

పెద్దవాళ్ళని పిసా తీసుకెళ్ళండి, లివోర్నో నుంచి రైల్లో ఇరవై నిమిషాలే. పిసా సెంట్రాలేలో దిగి టాక్సీ తీసుకుంటే టవర్ దగ్గరి దాకా వెళ్తుంది, పచ్చిక పక్కన కూర్చుని చూడొచ్చు, పిల్లలకీ సరదా. ఫ్లోరెన్స్ మీద మనసున్నవాళ్ళు ఇద్దరు పొద్దున్నే వేరుగా వెళ్ళిరండి, మ్యూజియం పెట్టుకోకుండా, డోమ్, పాత వంతెన చూసుకుని మధ్యాహ్నం ఒంటిగంట రైలుకల్లా వెనక్కి బయల్దేరండి.

స్లౌ_బామ్మర్ది

అయితే నేనూ మా ఆవిడా ఫ్లోరెన్స్. బావా, పిల్లలతో పిసా నీదే. పెద్దోణ్ణి మాతో పంపుతావా లేదా అక్కని అడిగి చెప్పు, టికెట్ తీయాలి.