రక్తం 8.6, బీపీ 144/92: బిళ్లలన్నీ కలిపి వేసుకోవచ్చా?

పెన్నాగట్టు (కోవూరు):
మా మరదలు గర్భిణి, 28వ వారం. నెల కిందట రక్తం (హిమోగ్లోబిన్) 8.6, ఇప్పుడు 8.7. బీపీ 144/92 దగ్గరే ఆగిపోయింది. బీపీకి మిథైల్‌డోపా మూడు పూటలా, ఐరన్ రెండు, క్యాల్షియం రెండు రాశారు. ఏ పూటవి ఆ పూట ఒకే గుక్కలో వేసేస్తా ఉంది. డోసు పెంచమని అడగాలా? ఇంట్లో ఉప్పు కూడా మాన్పించారు.

మందులకొట్టు:
డోసు సంగతి తర్వాత, ముందు వేళలు మార్చాలన్నా. ఐరన్ పక్కనుంటే మిథైల్‌డోపా ఒంటికి సరిగా పట్టదు, బీపీ దిగదు. క్యాల్షియం ఐరన్‌కు అడ్డం. డాక్టరమ్మకు చూపించి ఇలా పెట్టుకోండి: మిథైల్‌డోపా 6, 2, రాత్రి 10. క్యాల్షియం టిఫిన్‌తో 8కి, రాత్రి అన్నంతో 8కి. ఐరన్ 11కి, సాయంత్రం 5కి, నిమ్మరసంతో. టీ ఐరన్‌కు గంట అటూ ఇటూ వద్దు. అయిదింటి టీ మానడం మనోళ్లకు కష్టమే! వికారమైతే ఐరన్ అన్నం తిన్నాక వేయండి, పట్టేది కొంచెం తగ్గినా మానేయడం కన్నా నయం. విరేచనం నల్లగా వస్తే భయపడి ఆపబాకండి.

ఒంగోలు సిస్టర్:
సర్కారు ఆస్పత్రిలో ఇచ్చే ఎర్ర ఐరన్ బిళ్లలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. వేళలు సరిచేశాక నెలకు ఒక గ్రామైనా పెరగాలి. పెరక్కపోతే ఎంసీవీ (ఎర్ర కణాల సైజు), తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బుకు హెచ్‌పీఎల్‌సీ పరీక్ష, బీ12 విటమిన్ చూస్తారు. నులిపురుగుల బిళ్ల అల్బెండజోల్ 400 వేశారా అడగండి. 34 వారాలు దాటితే బిళ్లలతో అందుకోలేం, సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. 7 లోపైతే ఆస్పత్రిలో చేరాల్సిందే. రాగి సంగటి, మునగాకు తిననివ్వండి, బిళ్లకు బదులు మాత్రం కావు.

ఇంకోటి. బీపీ పెరుగుతుండగా రక్తం ఉన్నట్టుండి 11 అని వస్తే సంబరపడొద్దు. నీరు రక్తనాళాల్లోంచి ఒంట్లోకి దిగి రక్తం చిక్కబడినా అంకె పెరుగుతుంది.

పెన్నాగట్టు:
ఉప్పు సంగతి? మా అత్త తన బీపీ బిళ్ల టెల్మిసార్టన్ ఇస్తానంటోంది.

ఒంగోలు సిస్టర్:
ఇవ్వబాకండి, బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి. ఉప్పు మానేస్తే ఈ బీపీ తగ్గదు. ఊరగాయ, ఎండుచేపలు తగ్గిస్తే చాలు. మూత్రంలో ప్రొటీన్, ప్లేట్‌లెట్లు, లివర్, క్రియాటినిన్ (కిడ్నీ) పరీక్షలు ఈ వారమే చేయించండి, సర్కారు ఆస్పత్రిలో గర్భిణులను చూసే 9వ తేదీదాకా ఆగొద్దు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి బీపీ చూడండి. చేతికి చుట్టే పట్టీ చిన్నదైతే ఎక్కువ చూపిస్తుంది. 160/110 వచ్చినా, తలనొప్పి తగ్గకున్నా, చూపు మసకబారినా, రొమ్ము కింద కడుపు నొప్పొచ్చినా రాత్రయినా సరే 108కి చేయండి.