యువత కోసం మ్యూజిక్ పత్రిక కవర్: గాయని ముఖమా, అక్షరాలా?

పల్లవి_చరణం:
హైదరాబాద్‌లో నలుగురం కలిసి తెలుగు ఇండిపెండెంట్ సంగీతం మీద మూడు నెలలకోసారి వచ్చే ప్రింట్ పత్రిక మొదలుపెడుతున్నాం. చదివేది ఎక్కువగా కాలేజీ పిల్లలే. మొదటి సంచిక కవర్ దగ్గరే ఆగిపోయాం. ఇద్దరు గాయని క్లోజప్ పెడదామంటున్నారు. నేనూ ఇంకొకరూ ఫొటో లేకుండా పెద్ద అక్షరాలతో చేద్దామంటున్నాం. లోపలి వ్యాసాల పేర్లు కవర్ మీద ఎన్ని ఉండాలన్నది ఇంకో గొడవ. ఏమంటారు?

బేస్_బుజ్జి:
ముఖమే. ఇందులో చర్చేముంది? అమెరికా మ్యూజిక్ పత్రిక రోలింగ్ స్టోన్ 1967లో మొదటి సంచిక మీదే బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌ను పెట్టింది. 1981 జనవరి సంచిక చూడండి, కవర్ మీద మళ్లీ లెననే. ఫొటోగ్రాఫర్ ఆనీ లీబోవిట్జ్ ఆ ఫొటో తీసిన రోజు రాత్రే లెనన్ హత్య జరిగింది. కవర్ మీద పత్రిక పేరు తప్ప ఒక్క హెడ్డింగ్ లేదు. అంతకుముందు నలభై ఏళ్ల అమెరికన్ కవర్లలో అదే అన్నిటికన్నా గొప్పదని 2005లో అక్కడి మ్యాగజైన్ ఎడిటర్ల సంఘం తేల్చింది. వ్యాసాల పేర్ల గొడవకి కూడా జవాబు అందులోనే ఉంది.

రెండో_కాలమ్:
బుజ్జి గారూ, లెనన్‌ను ప్రపంచమంతా గుర్తుపడుతుంది. వీళ్ల గాయనిని పక్క వీధివాళ్లు గుర్తుపడితే గొప్ప. పేరు లేకుండా కొత్త ముఖం పెడితే చూసినవాళ్లు బ్యూటీ పార్లర్ ప్రకటన అనుకుంటారు. పోనీ తెలిసిన ముఖం గట్టెక్కిస్తుందా అంటే, బ్రిటన్‌లో ఎన్‌ఎమ్‌ఈ అనే మ్యూజిక్ వారపత్రిక 2015లో ఉచిత పత్రికగా మారి మొదటి కవర్ మీద పాప్ గాయని రియానాను పెట్టింది. 2018లో ఆ వారపత్రిక ప్రింట్ ఆగిపోయింది.

బేస్_బుజ్జి:
అది ప్రకటనల ఆదాయం గొడవ, కవర్‌ది కాదు. కొత్త గాయని అయితే స్టూడియోలో కూర్చోబెట్టి నవ్వించొద్దు. కచేరీ అయిపోయాక, చెమటతో, చేతిలో మైక్ వైరు చుట్టుకుంటున్నప్పుడు తీయండి. పార్లర్ అని ఎవరంటారో చూద్దాం.

రెండో_కాలమ్:
ఆ ఫొటో అయితే నేనూ ఆగి చూస్తా, ఒప్పుకుంటా. కానీ అక్షరాన్ని తక్కువ చేయొద్దు. అమెరికా మ్యూజిక్ పత్రిక రే గన్‌లో డిజైనర్ డేవిడ్ కార్సన్ ఒక ఇంటర్వ్యూ బోర్ కొట్టిందని మొత్తం చదవడానికి వీల్లేని గుర్తుల ఫాంట్‌లో పెట్టేశాడు. కుర్రకారు ఆ పత్రికని ఎగబడి కొన్నారు.

లేఅవుట్_లక్ష్మి:
అది లోపలి పేజీ అండీ, కవర్ కాదు. పైగా అది ఇంగ్లిష్. అక్కడ క్యాపిటల్ లెటర్లన్నీ ఒకే ఎత్తు, వరసల మధ్య సందు లేకుండా బిగించొచ్చు. మనకి పైన తలకట్టు, గుడి, కింద వత్తులు. రెండు వరసలు దగ్గరికి తెస్తే పై వత్తు కింది గుడిలో దిగబడుతుంది. ఇది ఇబ్బందే గానీ, చేత్తో గీయగలిగినవాళ్లకి వరం కూడా. ఆ వత్తునే కిందికి లాగి ఫొటో మీదుగా పోనివ్వొచ్చు, తలకట్టుని గాయని జుట్టు వెనక దాచొచ్చు. రామభద్ర, ధూర్జటి లాంటి ఉచిత ఫాంట్లు లోపలి హెడ్డింగులకి వాడుకోండి, పత్రిక పేరు మాత్రం ఎవరిచేతైనా గీయించండి. బాపు గారి అక్షరాల పోలిక ఈ పత్రికకి వద్దు. ఎంత అందమైనా చూడగానే శుభలేఖ గుర్తొస్తుంది.

బ్యాక్_బెంచ్:
నేను బీటెక్ సెకండ్ ఇయర్. మీ టార్గెట్ నేనే అనుకుంటా. షాపులో పత్రిక కొన్న గుర్తే లేదు నాకు. ఎవరో ఇన్‌స్టా స్టోరీలో పెడితే గోరంత సైజులో చూస్తా. ఆ సైజులో ఆరు వ్యాసాల పేర్లు చీమల బారే. నచ్చితే కొంటా, కొంటే గోడకి అంటిస్తా. కాబట్టి బార్‌కోడ్, రేటు వెనక అట్టకి పంపేయండి అన్నా. ఇంకోటి, 'యూత్ స్పెషల్' అని మాత్రం రాయొద్దు ప్లీజ్.

లేఅవుట్_లక్ష్మి:
తమ్ముడూ, షాపులో అమ్మాలంటే బార్‌కోడ్ వెనకున్నా నడుస్తుంది గానీ రేటు ముందు కనిపించాలని షాపువాళ్లే అడుగుతారు. చిన్నగా వేయొచ్చు.

ప్లేట్_రెడీ:
విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్‌లో పని చేస్తా. ముఖమో అక్షరమో మీ ఇష్టం, ముందు రంగు గురించి వినండి. స్క్రీన్ మీద మెరిసే పింక్, చిలకపచ్చ మామూలు నాలుగు రంగుల ప్రింట్‌లో చచ్చిపోతాయి. ఫైల్ తెచ్చిన కుర్రాళ్లు మా మీద అరుస్తారు. ఆ మెరుపు కావాలంటే ఫ్లోరసెంట్ స్పాట్ ఇంకు, అంటే విడిగా కలిపిన మెరిసే రంగు, వేయాలి. ఒక్కో రంగుకి ఒక్కో ప్లేట్. నాలుగు రంగుల మీద ఐదో ప్లేట్ అంటే ఖర్చు. దానికన్నా నలుపు, ఒక ఫ్లోరసెంట్, రెండే ప్లేట్లతో డిజైన్ చేయండి. బుజ్జి గారి మైక్ వైరు ఫొటో నలుపులో, పేరు ఫ్లోరసెంట్‌లో. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయే అదనపు అంచు, వదలండి. అట్టంతా నలుపు చేసి మ్యాట్ లామినేషన్ (మెరుపులేని ప్లాస్టిక్ పొర) వేయించారో, ప్రతి వేలిముద్రా కనబడుతుంది.

పల్లవి_చరణం:
రెండు రంగుల సంగతి మావాళ్లకి చెప్పా. ఖర్చు తగ్గుతుందనగానే అందరూ ఒక్కటయ్యారు. వ్యాసాల పేర్లు మూడుకి తగ్గించాం. ముఖం దగ్గర నేను ఇంకా మెత్తబడలేదు, ఆ మైక్ వైరు ఫొటో వస్తే చూస్తా. ప్లేట్_రెడీ గారూ, అట్టకి మ్యాప్‌లితో (పూత లేని మామూలు కాగితం) వాడితే ఫ్లోరసెంట్ నిలుస్తుందా?

ప్లేట్_రెడీ:
మ్యాప్‌లితో ఇంకు పీల్చేస్తుంది, మెరుపు తగ్గుతుంది. ఆర్ట్ కార్డ్ (నున్నటి పూత ఉన్న మందపాటి అట్ట) తీసుకోండి. ఫ్లోరసెంట్ ఎండకి వెలుస్తుందని కూడా గుర్తుంచుకోండి. ఆ బ్యాక్‌బెంచ్ బాబుని కిటికీకి ఎదురు గోడ మీద అంటించొద్దని చెప్పండి.