‘గుండెలో ఏడుస్తోంది’ అంటే, ఎవరు?

గోదారిగట్టు:
మా అమ్మాయి ఫ్రాన్సులో చదువుకుంటూ, ఖాళీ ఉన్నప్పుడు గాత్రం నేర్చుకుంటోంది. మన సంగీతం కాదు, వాళ్ళ పద్ధతి. ఈ నెల టీచరు డెబుస్సీ అనే ఫ్రెంచి స్వరకర్త పాట ఒకటి ఇచ్చారట. ఒక గొంతు, ఒక పియానో, అంతే. మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఇలాంటి వాటిని వాళ్ళు ‘మెలొదీ’ అంటారట. మామూలు పాట ‘షాన్సోఁ’. పేరున్న కవి పద్యానికి ఒక స్వరకర్త వరస కట్టి, పియానో భాగం కూడా తనే రాసిపెడితే అది మెలొదీ.

పద్యం పాల్ వెర్లేన్‌ది. 1874లో వచ్చిన ‘రోమాన్స్ సాఁ పరోల్’ అనే సంపుటిలోది. ఆ పేరుకి ‘మాటల్లేని పాటలు’ అని అర్థం. మొదటి రెండు పాదాలూ తెలుగు లిపిలో రాస్తే ఇలా ఉంటాయి:

ఇల్ ప్లెర్ దాఁ మోఁ కెర్
కోమిల్ ప్లె స్యుర్ లా వీల్

(ఆ ‘ఎ’ మన ‘ఎ’ కాదు. పెదాలు ‘ఓ’ అనేటప్పటిలా గుండ్రంగా పెట్టి లోపల ‘ఎ’ అనాలి. నేను ఫోన్లో ప్రయత్నిస్తే అమ్మాయి పడీ పడీ నవ్వింది.)

‘ఇల్ ప్లె’ అంటే వాన పడుతోంది. ‘ఇల్ ప్లెర్’ అంటే ఏడుస్తున్నాడు. ఊరి మీద వాన పడుతున్నట్టు నా గుండెలో ఏడుస్తోంది అని కవి అంటున్నాడు. ఇంత రాసి, నా తెలుగు వాక్యం నేనే చదువుకుంటే నవ్వొచ్చింది. ‘నా గుండెలో ఏడుస్తోంది’ అంటే ఎవరావిడ? మన ‘-ంది’ ఆడవాళ్ళకీ అదే, గొడ్డూగోదాకీ అదే, మబ్బూవానకీ అదే. దీన్ని ఎలా చెప్పాలో కాస్త సాయం చెయ్యండి.

పాతబడి:
‘నా హృదయం విలపిస్తోంది’ అనేస్తే సరిపోదా?

గోదారిగట్టు:
సరిపోదండీ. అలా అంటే ఏడ్చేది హృదయం అవుతుంది. అక్కడ హృదయం ఏడుపు జరిగే చోటు మాత్రమే, ఏడ్చేవాళ్ళు కాదు. పైగా ‘విలపించడం’ అనగానే నాటకం పద్యం అందుకున్నట్టుంటుంది. ఆ పద్యంలో ఉన్నవన్నీ చిన్న చిన్న మాటలు.

వ్యాకరణం పిచ్చి:
నాకిష్టమైన చోటికి వచ్చారు. ఫ్రెంచిలో ‘ఇల్’కి ‘అతడు’ అని అర్థం. వాన విషయంలో మాత్రం అది ఖాళీ కుర్చీ. ఎవరూ కూర్చోరు, కానీ వాక్యానికి కుర్చీ వెయ్యాలి. వెర్లేన్ ఆ కుర్చీని వాన దగ్గర్నించి పట్టుకొచ్చి ఏడుపుకి వేశాడు. మామూలు ఫ్రెంచిలో ‘ఇల్ ప్లెర్’ అంటే ‘అతడు ఏడుస్తున్నాడు’ అనే. కాబట్టి మొదటి పాదం దగ్గర ఫ్రెంచివాడు కూడా ఓ క్షణం ‘ఎవడు?’ అనుకుంటాడు. రెండో పాదంలో వాన వచ్చాక గానీ ‘ఓహో, ఎవడూ కాదు’ అని తెలియదు. అంటే మీరు నవ్వుకున్న తెలుగు వాక్యంలో తప్పేం లేదండీ. వాళ్ళకి ‘ఎవడు’ అనిపించిన చోట మనకి ‘ఎవరావిడ’ అనిపిస్తోంది, అంతే తేడా.

ఇంకో సంగతి. మనకి వానే కర్త. వాన పడుతుంది, వాన కురుస్తుంది. కానీ ‘ఉరుముతోంది’, ‘మెరుస్తోంది’, ‘తెల్లారింది’ అన్నప్పుడు కర్త ఎవరు? ఎవరూ లేరు, కుర్చీ కూడా వెయ్యం. పోనీ అది ఆకాశం సంగతి అనుకుంటే, ఒంటి సంగతి చూడండి: ‘కడుపులో తిప్పుతోంది’, ‘గొంతులో మండుతోంది’, ‘పిక్కలో లాగుతోంది’. కడుపులో ఎవరు తిప్పుతున్నారని ఏ డాక్టరూ అడగడు. వెర్లేన్ ఒక్కసారి చేసిన పని మనం మజ్జిగ తాగినంత సులువుగా రోజూ చేస్తున్నాం, కాకపోతే కడుపు విషయంలో. అదే అచ్చులో ‘గుండెలో ఏడుస్తోంది’ అనండి. కొత్తగా ఉంటుంది, అయినా మన నుడికారం దాటి పోదు.

గోదారిగట్టు:
భలే చెప్పారు. కడుపులో తిప్పడం అంటే గుర్తొచ్చింది. మూడో చరణంలో ‘స కెర్ కీ సెకెర్’ అని ఉంది. ‘కెర్’ గుండె, ‘సెకెర్’ వెగటు పుట్టడం. వెగటు మాట పొట్టలోనే గుండె మాట కూర్చుని ఉంది. అమ్మాయి చెప్పడం, అక్కడ వాంతి వచ్చేలా ఉంటే ‘గుండెలో నొప్పి’ అనే అంటారట! మొదటిసారి విన్నప్పుడు స్నేహితురాలికి గుండెపోటేమోనని హడలిపోయిందట.

పియానోమెట్లు:
సంగీతం వైపు నుంచి రెండు ముక్కలు. పాదానికి ఆరు అక్షరాలు. మాట్లాడేటప్పుడు ‘ప్లెర్’ ఒక్క అక్షరమే, చివరి అచ్చు మింగేస్తారు. పాడేటప్పుడు ఆ మింగిన అచ్చు తిరిగొస్తుంది: ‘ఇల్-ప్లె-ర-దాఁ-మోఁ-కెర్’. అప్పుడు లెక్క ఆరుకి సరిపోతుంది. మీ అమ్మాయిని ఆ ‘ర’ని పొట్టిగా, మెత్తగా వదలమనండి. తెలుగు నోళ్ళు దాన్ని నిండుగా పలికేస్తాయి. అన్నీ అచ్చులతో ముగించే అలవాటు కదా మనది.

డెబుస్సీ దీన్ని 1885–87 మధ్య కట్టిన ఆరు పాటల్లో రెండోదిగా పెట్టాడు. 1888లో అచ్చయినప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1902లో ఆయన ఒపేరాలో (అంటే పాటలతో నడిచే నాటకంలో) మెలిసాండ్ అనే పాత్ర పాడిన గాయని మేరీ గార్డెన్‌కి అంకితమిచ్చి 1903లో మళ్ళీ వేయించాడు. ఈసారి ‘మరిచిపోయిన చిన్ని పాటలు’ అని పేరు పెట్టాడు. అందులో కాస్త ఎత్తిపొడుపు లేదంటే నేను నమ్మను. పియానోలో చిన్న చిన్న స్వరాలు ఆగకుండా పడుతుంటాయి, ముసురు పట్టినట్టు. ‘ఏంటీ, ఎవరూ మోసం చెయ్యలేదా?’ అని కవి తనని తాను అడిగే చోట ఆ చినుకులు టక్కున ఆగుతాయి. గొంతు దాదాపు మాటల్లోకి దిగుతుంది. తర్వాత మళ్ళీ చినుకులు.

ఫోరే అనే ఇంకో ఫ్రెంచి స్వరకర్త కూడా 1888లో ఇదే పద్యం కట్టి ‘స్ప్లీన్’ అని పేరు పెట్టాడు. అక్షరాలా ప్లీహం! దిగులు అక్కడే పుడుతుందని పాత వైద్యుల నమ్మకం. ఆ అర్థంతోనే ఫ్రెంచివాళ్ళు ఆ మాటని ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకున్నారు. కడుపు, గుండె, ప్లీహం... ఈ చర్చలో ఒళ్ళంతా తిరిగేశాం.

ఓరుగల్లు:
అందరు వాన ‘పడుతుంది, కురుస్తుంది’ అని రాస్తున్నరు. మా దిక్కు వానకి ఇల్లు కారదు, ఉరుస్తది. మాది గూనపెంక ఇల్లు. ముసురు వెట్టిందంటే అమ్మ నడింట్ల తపేల, మంచం కాడ సత్తు గిన్నె, బియ్యం డబ్బ మీద పళ్ళెం వెట్టేది. దేని సప్పుడు దానిదే. పళ్ళెం సప్పుడుకు నిద్ర వట్టకపోతే అండ్ల పాత గుడ్డ ఏసేది. బయట కురుస్తది, లోపట ఉరుస్తది. ఒక్క అక్షరం తేడా. మీ ‘ప్లె’, ‘ప్లెర్’ కూడ గంతే కద?

గోదారిగట్టు:
అక్కా, దండం. ‘ఊరి మీద కురుస్తోంది, నా గుండెలో ఉరుస్తోంది.’ రెండు రోజులుగా వెతుకుతున్నది ఇదే. రెండో చరణంలో ‘నేల మీద, ఇంటి కప్పుల మీద’ వాన చప్పుడు అని ఉంది కూడా.

వ్యాకరణం పిచ్చి:
నాకూ నచ్చింది, కానీ ఒక పేచీ. ఇల్లు ఉరిసిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే కదా. పద్యంలో గొడవంతా చిల్లు లేకపోవడమే. ‘ఈ దుఃఖానికి కారణం లేదు’ అంటాడు, ఎందుకో తెలియకపోవడమే అన్నిటికన్నా పెద్ద బాధ అంటాడు.

ఓరుగల్లు:
మీరు ఉరిసే ఇంట్ల ఉన్నట్టు లేరు. చిల్లు దొరకనే దొరకదు సారూ. నీళ్ళు ఒక తాన దిగి, వాసం వెంబడి పోయి ఇంకో తాన పడుతయి. మా నాయిన ప్రతి ఎండకాలం పైకెక్కి పెంకలన్ని సదిరేటోడు. మల్ల వానకాలం రాంగనే మంచం కాడ అదే గిన్నె.

వ్యాకరణం పిచ్చి:
పేచీ వెనక్కి తీసుకున్నాను.

గోదారిగట్టు:
ఇప్పటిదాకా వచ్చింది కింద పెడుతున్నాను. పాడటానికి కాదు, అర్థానికే.

ఊరి మీద కురుస్తున్నట్టే
నా గుండెలో ఉరుస్తోంది.
ఏదోలా ఉంది, ఏమిటిది,
గుండెలోకి దిగుతోంది?

నేల మీద, కప్పుల మీద
ఎంత మెత్తగా వాన చప్పుడు!
ఏమీ తోచని గుండెకి
ఓ, వాన పాట!

మొదట ‘దిగులు’ అని రాసి కొట్టేశాను. మనకి దిగులు అంటే దేని గురించో ఉండాలి, బెంగ అంటే ఎవరి మీదో ఉండాలి. ‘ఏదోలా ఉంది’లో ఎవరూ లేరు, ఏమీ లేదు. వాళ్ళ ‘సాన్నుయీ’కి ‘తోచకపోవడం’ కన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు.

పియానోమెట్లు:
‘తోచని గుండె’ బావుంది. కానీ ఆఖరి పాదం చూసుకోండి. వెర్లేన్ పద్యంలో ‘వాన పాట’ అనే ఉంది, ‘షాఁ’ అని. డెబుస్సీ పాటలో మాత్రం అక్కడ ‘బ్రుయీ’ ఉంటుంది, అంటే ‘వాన చప్పుడు’. పైన వచ్చిన మాటే మళ్ళీ వస్తుంది. మీ అమ్మాయి పాడేది డెబుస్సీది కాబట్టి ఆమెకి పంపేటప్పుడు ‘చప్పుడు’ అని మార్చండి.

గోదారిగట్టు:
అయ్యో. తన కాగితం మీద ‘బ్రుయీ’ అనే ఉందట. అచ్చుతప్పు అనుకుని, పుస్తకం చూసి పెన్సిల్‌తో ‘షాఁ’ అని దిద్దుకుంది. రేపే క్లాసు. ఇప్పుడే ఫోన్ చేసి చెరిపెయ్యమంటాను.