అప్‌డేట్: మా సిబ్బందికి సిటిజన్ సైన్స్ శిక్షణ గురించి అడిగాను కదా

సిటిజన్ సైన్స్ అంటే సామాన్య జనం కూడా పరిశోధనకు సమాచారం సేకరించడం. మా యూనివర్సిటీలో ల్యాబ్ అసిస్టెంట్లు, లెక్చరర్లు జనంతో కలిసి పక్షుల లెక్క నడపాలి, శిక్షణ ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగాను. "పవర్‌పాయింట్ పక్కన పెట్టి చెరువు దగ్గరికి తీసుకెళ్లండి" అన్నవాళ్ల మాటే పట్టుకుని హైదరాబాద్ పక్కనున్న అమీన్‌పూర్ చెరువుకు వెళ్లాం.

పక్షుల పేర్లు రావేమోనని అందరికీ టెన్షన్. అది త్వరగానే తగ్గింది, పక్షులను గుర్తుపట్టి పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఉంది కదా. తిప్పలు పెట్టింది, చూసిన పక్షుల జాబితా ఎక్కించే ఈబర్డ్‌లో చివర వచ్చే ప్రశ్న: గుర్తుపట్టినవన్నీ రాశారా? కాకులు, పావురాలు ఎందుకులే అని వదిలేస్తే 'అవును' అనకూడదు. అన్నీ రాస్తేనే, జాబితాలో లేని పక్షి ఆ పూట అక్కడ కనబడలేదని పరిశోధకులు లెక్కలోకి తీసుకోగలరు. ఇది అందరికంటే ముందు పట్టేసింది స్టోర్స్ చూసే మా అన్న. వాకింగ్‌కు వచ్చిన ఒకావిడకు "అమ్మా, గోరింకను కూడా ఎక్కించండి, లెక్కపెట్టలేకపోతే ఎక్స్ అని కొట్టండి" అని ఆయనే చెప్పాడు. పీహెచ్‌డీ ఉన్నవాళ్లు మాత్రం ఉపన్యాసం ఆపరు!

తేలనిది ఒక్కటే: ఆదివారం పొద్దున చేసిన ఈ పని డ్యూటీ కిందకు వస్తుందా రాదా. ఫైలు ఇంకా కదల్లేదు. ఫిబ్రవరిలో ప్రపంచమంతా జనం పక్షులను లెక్కపెట్టే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ నాలుగు రోజులూ మా సిబ్బందికే అప్పగిస్తున్నాను.